తూర్పు మూల బాన

అనగా అనగా, మన తాతల తాతలకు ఇంకా మీసాలు మొలవని రోజుల్లో, సముద్రానికి రెండు ఆమడల దూరంలో నీలివాక అనే ఊరు ఉండేది. ఊరి పక్కనే ఇసుక వాగు ఒకటి పారేది. ఆ వాగు నీళ్లు నీలంగా ఉండేవి. ఆకాశం నీడ అనుకునేరు, కాదు! ఊళ్లోవాళ్లు అందులో జాడించిన బట్టల రంగు అది.

ఆ ఊళ్లో అంకయ్య శెట్టి అద్దకంశాల ఉండేది. మెడ దాకా నేలలో పాతిన పదహారు పెద్ద బానలు. ఒక్కో బానలో నీలిమందు, సున్నపు తేట, తగిరిస అనే అడవి మొక్క గింజలు ఉడికించిన నీళ్లు. అవి మూడూ కలిసి పులిస్తే బాన లేచింది అనేవారు. లేచిన బాన మీద నీలి నురగ తేలుతుంది. అందులో తెల్ల బట్ట ముంచి పైకి తీస్తే ముందు ఆకుపచ్చగా వస్తుంది. గాలి తగిలిన కొద్దీ, మన కళ్ల ముందే నీలమైపోతుంది. మొదటిసారి చూసినవాళ్లు ముక్కున వేలేసుకోవాల్సిందే.

బాన అంటే ఉత్త మట్టిపాత్ర అనుకోకండి. అది బతికున్న వస్తువు. ఒక రోజు ముంచితే ఒక రోజు మూత పెట్టి దాని మానాన దాన్ని వదిలేయాలి. వదలకపోతే చచ్చిపోతుంది. దాని ఆకలి, దాని అలక, దాని నిద్ర తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. అందుకే పదహారు బానలకు పదహారు మంది ఆడవాళ్లు. అందరి చేతులూ మోచేతుల దాకా నీలం. ఆ చేతులతో సంతకు వెళ్తే జనం పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. నీలివాక అద్దకం అంటే అంత పేరు మరి!

ఆ పదహారిట్లో తూర్పు మూల బానకు సాటి లేదు. దాన్ని చూసేది ఓబులమ్మ. నెమలి మెడ మీద ఉంటుందే, ఆ నీలం, అది ఆ బానలోనే పలికేది. ఓబులమ్మ పొద్దున్నే వచ్చి బాన మీదికి వంగి వాసన చూసి, "ఇవాళ దీనికి మనసు బాగాలేదు, గింజల నీళ్లు కావాలి" అనేది. పోసేది. మధ్యాహ్నానికల్లా బాన నురగలు కక్కేది.

ఇక అంకయ్య శెట్టి సంగతి. చెడ్డవాడు కాదు. రోజూ తన తల్లి మంగతాయి పేరు తలుచుకుని దీపం పెట్టి గానీ అద్దకంశాల తలుపు తీసేవాడు కాదు. అతనికి ఆరేళ్లప్పుడే ఆమె పోయింది. తర్వాత అతని చెవిలో ఇల్లు కట్టుకుని తండ్రి ఒకటే మాట చెప్పాడు, "మనం పుట్టుకతోనే యజమానులంరా" అని. ఆ మాట అంకయ్య తలకెక్కి కూర్చుంది. ఏ పనివాడు ఏమడిగినా, "మేం పుట్టుకతో యజమానులం, మాకు చెప్పొచ్చావా?" అనేవాడు.

నీలివాకలో మూతకట్టు అని ఒక చట్టం ఉండేది. అద్దకం చేసే ఆడమనిషి కానుపుకు వెళ్లేటప్పుడు తన బాన మీద మూత పెట్టి, పసుపు దారం మూడు చుట్లు చుట్టి ముడి వేస్తుంది. పుట్టిన బిడ్డ బోర్లా పడేదాకా ఆ ముడి ఎవరూ విప్పకూడదు. ఆమె చోటు ఆమెదే. ఆ నాలుగైదు నెలలూ ఆమె ఇంట్లో పొయ్యి ఆరకుండా యజమాని చూడాలి. బిడ్డ బోర్లా పడ్డాక బొబ్బట్లు వండి, శాలలో అందరికీ పంచి, తన చేత్తోనే తన ముడి విప్పుకుని మళ్లీ పనిలో దిగుతుంది.

చట్టం ఒకవైపే ఉంటే చట్టం ఎందుకవుతుంది? యజమాని కోసం కూడా అందులో మూడు మాటలున్నాయి. కానుపు నెలకు ఒక నెల ముందే చెప్పాలి. బానను ప్రాణంతో మూసి వెళ్లాలి. ఆ నెలల్లో ఇంకో శాలలో చెయ్యి ముంచకూడదు. 

ఓబులమ్మకు నెలలు నిండాయి. చెప్పాల్సినప్పుడు చెప్పింది. బానకు కడుపునిండా గింజల నీళ్లు పోసి, మూత పెట్టి, దారం కట్టి, "పడుకో తల్లీ, వస్తాను" అని ఇంటికి వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. ఎర్రగా, గుప్పెడంత, గొంతు మాత్రం ఊరంత!

సరిగ్గా అప్పుడే కోట నుంచి కబురు వచ్చింది. కొత్త రాజు కొండమరాజుకు నలభై రోజుల్లో పట్టాభిషేకం. ఆ రాజ్యంలో ఎవరికి పట్టం కట్టినా కోట మీద కొత్త జెండా ఎగరాలి. ఆ జెండా నెమలి మెడ నీలంలోనే ఉండాలి, నీలివాకలోనే అద్దాలి.

అంకయ్య శెట్టి ఛాతీ విరుచుకున్నాడు. తర్వాత తూర్పు మూలకు చూశాడు. మూత. పసుపు దారం. ఛాతీ దిగిపోయింది.

ఆ సాయంత్రమే ఓబులమ్మ ఇంటి ముందుకు వచ్చాడు. పిల్ల పుట్టి అప్పటికి పది రోజులు.

"ఓబులమ్మా, రేపు రావాలి."

"అయ్యా, ఇంకా మంచం దిగి నాలుగడుగులు వేస్తే కళ్లు తిరుగుతున్నాయి. సున్నపు నీళ్లలో చేతులు పెట్టి పిల్లకు పాలెలా ఇస్తాను? పిల్ల బోర్లా పడనివ్వండి, పిలవకుండానే వస్తాను."

"రాజుగారి పని! రేపు వస్తే వచ్చినట్టు, లేదంటే నీ బాన ఇంకొకరిది."

 ఆ బాన లేకపోతే ఓబులమ్మకు వేరే బతుకు తెలియదు. పదకొండేళ్లుగా ఆ వాసన ఒంటికి పట్టి ఉంది. కానీ పిల్లను దగ్గరికి పొదువుకుని, "మూతకట్టు ఉంది శెట్టిగారూ" అంది. అంతే అంది. శెట్టి విసవిసా వెళ్లిపోయాడు.

ఈ మాట వాగు అవతల ఊళ్లోని ఇంకో అద్దకంశాల యజమానికి తెలిసింది. మనుషుల సంగతి తెలిసిందేగా, గద్దలా వాలాడు. "అమ్మా, మీ శెట్టికి కళ్లు లేవు. నువ్వు మా దగ్గరికి రా. ఊరికే కూర్చుని చెబుతూ ఉండు, చేతులు ముంచేవాళ్లు వేరే ఉన్నారు. జెండా మేమే అద్దుతాం" అన్నాడు.

"నా చోటు కాపాడమని చట్టాన్ని అడుగుతున్నాను. అదే చట్టం ఇంకో శాలలో చెయ్యి పెట్టొద్దంటోంది. సగం నాకు, సగం గాలికి అంటే ఎలా?" అంది ఓబులమ్మ. వచ్చినవాడు వచ్చిన దారినే పోయాడు.

చూశారా, బాలింత! ఒంట్లో ఓపిక లేదు, మాటలో ఎంత ఓపిక!

అక్కడ శాలలో అంకయ్య మిగతా పదిహేను మందినీ పిలిచాడు. "తూర్పు మూల బాన ఎవరు తెరుస్తారు?" అన్నాడు. ఎవరూ కదల్లేదు. అందరికన్నా పెద్దది అచ్చవ్వ, అరవై దాటిన మనిషి, ఆమె ముందుకొచ్చింది.

"నాయనా అంకయ్యా, మాలో పదిమందికి ఈ మూతే ఇల్లు నిలబెట్టింది. నేను ముగ్గురు పిల్లల్ని కని మూడుసార్లు తిరిగొచ్చాను. మూడుసార్లూ నా బాన నాకోసం అక్కడే ఉంది. దానిమీద చెయ్యి వెయ్యమంటే మా చేతులు రావు."

శెట్టి ఒంటికాలి మీద లేచాడు. "మీ చేతులు రాకపోతే కొత్త చేతులు తెస్తాను!"

తెచ్చాడు కూడా. దూరం నుంచి పుల్లన్న అనే పనివాణ్ణి తెచ్చాడు. పుల్లన్న బుద్ధిమంతుడు. మూత మీద దారం చూసి, "అయ్యా, ఈ బాన ఎవరిది?" అని అడిగాడు.

"ఎవరిదీ కాదు. ఆ మనిషి లేదు" అన్నాడు శెట్టి.

పుల్లన్న పాపం నమ్మాడు. దారం తెగింది. మూత లేచింది. బాన గాఢనిద్రలో ఉంది. "మెల్లగా లేపాలయ్యా, వారం పడుతుంది" అన్నాడు పుల్లన్న. "వారమా! సున్నం రెట్టింపు పొయ్యి" అన్నాడు శెట్టి. పోశారు. బాన ఎలాగో కళ్లు తెరిచింది. ఒక రోజు ముంచారు. "రేపు దీనికి విశ్రాంతి ఇవ్వాలయ్యా" అన్నాడు పుల్లన్న. "రేపూ ముంచు, ఎల్లుండీ ముంచు" అన్నాడు శెట్టి. ముప్పై ఏళ్లు అద్దకంశాల నడిపిన మనిషి, బానకు ఏనాడూ విశ్రాంతి తప్పించని మనిషి, తొందరలో తనకు తెలిసినదే మరిచిపోయాడు.

మూడో రోజు జెండా గుడ్డ ముంచి తీశారు. ఆకుపచ్చ లేదు, నీలం లేదు. బూడిద రంగు. బానలోంచి కుళ్లిన వాసన. తూర్పు మూల బాన చచ్చిపోయింది.

అప్పుడైనా తప్పు ఒప్పుకోవచ్చు కదా! ఒప్పుకోలేదు. భయం మనిషి చేత ఏమైనా అనిపిస్తుంది. అంకయ్య కోటకు పరుగెత్తి, "ప్రభూ, ఓబులమ్మ అనే పనిమనిషి బాన పాడు చేసి వెళ్లింది. జెండా అందుకే కాలేదు. ఆమె ఇక ఈ రాజ్యంలో ఏ బానలోనూ చెయ్యి పెట్టకుండా ఆజ్ఞ వెయ్యండి" అని మొరపెట్టుకున్నాడు.

పట్టాభిషేకం ఇంకో పది రోజులు ఉందనగా సభ కూర్చుంది. ఓబులమ్మ పిల్లను ఎత్తుకుని వచ్చింది. నెల పైన ఇంట్లో ఉండటంతో అరచేతుల నీలం వెలిసింది. గోళ్లలో మాత్రం అలాగే ఉంది. ఎక్కడ తన చేతులు ఎప్పటికీ తెల్లబడిపోతాయో అని దారంతా ఆ గోళ్లే చూసుకుంటూ వచ్చింది. వెనక పదిహేను మంది ఆడవాళ్లు, నీలం చేతులతో. ద్వారం దగ్గర భటుడు, "చేతులు కడుక్కుని రండి" అన్నాడు.

"ఇవి కడిగితే పోయేవి కావు నాయనా. నీ తలపాగా రంగు ఈ చేతులదే" అంది అచ్చవ్వ. భటుడు తలపాగా సర్దుకుని దారి ఇచ్చాడు.

రాజు చిన్నవాడే అయినా నిదానం ఉన్నవాడు. శెట్టి మాట విన్నాడు. తర్వాత ఓబులమ్మను అడిగాడు.

"అమ్మా, వెళ్లేముందు నెల రోజుల గడువు పెట్టి చెప్పావా?"

"చెప్పాను ప్రభూ. పదిహేను మంది ముందు చెప్పాను."

"బానను ప్రాణంతో మూశావా?"

ఆమె నోరు తెరిచేలోపే పుల్లన్న ముందుకు వచ్చాడు. "ప్రభూ, నేను మూత తీసినప్పుడు బాన నిద్రలో ఉంది, చావలేదు. చంపింది మా తొందర. ఆ మనిషి లేదన్నారు, నమ్మాను. ఇంత చంటిబిడ్డ తల్లి ఉందని తెలిస్తే ఆ దారం ముట్టేవాణ్ణి కాదు" అని ఓబులమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు.

"ఇంకో శాలలో చెయ్యి ముంచావా?"

"పిలిచారు ప్రభూ. వెళ్లలేదు."

సభ గుసగుసలాడింది. అంకయ్య ముఖం కందగడ్డ అయింది. "ప్రభూ, ఈ మూతకట్టు మూతకట్టు అని అందరూ అనడమే గానీ చూసినవాడు ఎవడు? ఆడవాళ్లు బావి దగ్గర పుట్టించిన మాట అది. బాన నాది, సున్నం నాది, నీలిమందు నాది. పుట్టుకతో యజమానులం మేం. ఎక్కడ రాసి ఉందో చూపించమనండి!" అన్నాడు.

"బాన మీదే శెట్టిగారూ," అంది ఓబులమ్మ. తల వంచలేదు. "సున్నం మీదే. నీలిమందు మీదే. చెయ్యి మాత్రం నాది. బానకు రోజు విడిచి రోజు విశ్రాంతి ఇచ్చే మీరు, ఆ బానను చూసే మనిషికి బిడ్డ బోర్లా పడేంత కాలం ఇవ్వలేరా?"

రాజు కరణాన్ని పిలిచాడు. "మా నాయనమ్మ చెన్నమాంబ ఏలిన కాలం నాటి రాగి రేకులు తీసుకురా. శెట్టిగారు రాసింది చూపించమన్నారు, చూపిద్దాం."

రాగి రేకులు వచ్చాయి. యాభై ఏళ్ల దుమ్ము. కరణం పైగుడ్డతో తుడిచి, ఒక్కొక్కటే తిప్పి, ఒకచోట ఆగాడు. గట్టిగా చదివాడు.

"నీలివాకలో అద్దకం పని చేసే మంగతాయి అనే ఆమె, కూలి మనిషి, కానుపుకు వెళ్లగా యజమాని ఆమె బానను వేరొకరికి ఇచ్చెను. ఆమె పంతొమ్మిది రోజుల పసివాణ్ణి చంకన పెట్టుకుని రెండు రోజులు నడిచి మా సన్నిధికి వచ్చి న్యాయము అడిగెను. ఆమె మొర న్యాయమని తోచి, నేటినుంచి ఈ రాజ్యమున మూతకట్టు చట్టముగా నిలుపుచున్నాము. తూర్పు మూల బాన మంగతాయికి తిరిగి ఇప్పించితిమి. పసివాని పేరు అంకయ్య."



అంకయ్య శెట్టి రాగి రేకు మీదికి వంగి ఆ పేరు తనే చూసుకున్నాడు.  తను రోజూ దీపం పెట్టే తల్లి! కూలి మనిషి. తనను చంకన వేసుకుని రెండు రోజులు నడిచింది. ఆ బాన తిరిగి దక్కబట్టే ఆమె రంగుకు పేరొచ్చింది, ఆ పేరు మీద వచ్చిన సంపాదనతోనే శాల వాళ్ల సొంతమైంది, ఆ శాలలోనే తను యజమాని అయ్యాడు. యాభై రెండేళ్ల మనిషి సభలో నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"అమ్మ నాకోసం తెచ్చుకున్న చట్టం ఇది. దీన్నే తెంపాను ప్రభూ. నా చేత్తో తెంపాను" అన్నాడు.

రాజు ఓబులమ్మ వైపు తిరిగాడు. "అమ్మా ఓబులమ్మా, శిక్ష నువ్వే చెప్పు" అన్నాడు.

ఓబులమ్మ అంకయ్యను చూసింది. కోపం ఉంది, లేకపోవడమేం? చాలా ఉంది. కానీ రాగి రేకులోని ఆ తల్లిని తలుచుకుంటే ఆమె కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి. అంతకన్నా ఎక్కువగా గర్వం పొంగింది. తన బాన మంగతాయి బాన! రాణి దగ్గరికి నడిచి వెళ్లి గెలుచుకున్న బాన!

"శెట్టిగారు స్వయంగా ఆ మూత మీద మళ్లీ పసుపు దారం కట్టాలి ప్రభూ. నా పిల్ల బోర్లా పడ్డాక నేను వచ్చి విప్పుకుంటాను. చచ్చిన బానను లేపుకోవడం నాకు తెలుసు."

"మరి నా జెండా?"

"పిల్ల బోర్లా పడేదాకా ఆగాలి ప్రభూ."

మంత్రులు ఉలిక్కిపడ్డారు. రాజు మాత్రం నవ్వాడు. "ఆగుతాను. నా నాయనమ్మ చట్టాన్ని నేనే తొక్కి, దాని మీద జెండా ఎగరేసుకుంటానా?" 

పట్టాభిషేకం జరిగింది. బాజాలు మోగాయి, ఏనుగులు నడిచాయి. కోట మీద కర్ర మాత్రం బోసిగా నిలబడింది. పొరుగు రాజులు ముసిముసిగా నవ్వుతూ, "మీ జెండా ఏమైంది?" అని అడిగారు.

"మా జెండా బాలింత దగ్గర ఉంది" అన్నాడు కొండమరాజు, మీసం మెలేసి. 

నెలలు గడిచాయి. అంకయ్య శెట్టి ఓబులమ్మ ఇంటికి బియ్యం, నెయ్యి, బాలింత మందు కాయం తనే మోసుకొచ్చేవాడు. వచ్చినప్పుడల్లా, "ఏమ్మా, బోర్లా పడ్డావా?" అని పిల్లను అడిగేవాడు. పిల్ల వెల్లకిలా పడుకుని కాళ్లు ఆడిస్తూ నవ్వేది. రాజ్యమంతా తనకోసం ఆగిందని దానికేం తెలుసు!

ఒక పొద్దున, చాప మీద ఉన్న పిల్ల ఒక కాలు విసిరింది. నడుం తిప్పింది. మూలిగింది. దబ్బున బోర్లా పడింది! తల పైకెత్తి లోకాన్నంతా కొత్తగా చూసింది.

నీలివాక ఊగిపోయింది. బొబ్బట్ల వాసన వాగు దాటింది. ఓబులమ్మ శాలకు వచ్చి పసుపు దారం విప్పింది. చచ్చిన నీళ్లు తోడి పోసింది. బాన కడిగి కొత్త నీలిమందు వేసింది, సున్నపు తేట పోసింది, గింజల నీళ్లు పోసింది. అప్పుడు పదిహేను మంది ఆడవాళ్లూ వరసగా వచ్చి, తమ తమ బానల నుంచి ఒక్కో ముంత రంగునీళ్లు తెచ్చి అందులో పోశారు. పాలకు తోడు వేసినట్టు! ఎనిమిదో రోజున తూర్పు మూల బాన నీలి నురగ కక్కింది. అచ్చవ్వ వాసన చూసి, "లేచింది!" అని కేక పెట్టింది.

జెండా మాత్రం శాలలో ముంచలేదు. ఓబులమ్మ ఆ బాన రంగునీళ్లు ఒక పెద్ద కాగులో నింపించి, మూత బిగించి బండి మీద కోటకు తెచ్చింది. జనమందరి ముందు తెల్ల గుడ్డ ముంచి, పిండి, తాడుకు కట్టింది. ఆకుపచ్చ జెండా. జనం గొల్లుమన్నారు, "అయ్యో, రంగు తప్పింది!" అని. ఓబులమ్మ ఉలకలేదు. మోచేతుల దాకా మళ్లీ నీలమైన చేతులతో తాడు లాగింది. జెండా పైకి లేచింది. గాలి తగిలింది. కర్ర మొదట్లోనే అంచులు నీలమయ్యాయి. సగం కర్ర ఎక్కేసరికి సగం జెండా నీలం. కొసకు చేరేసరికి, పిల్లలూ, నెమలి మెడ! కోట మీద రెపరెపలాడుతూ, రాజ్యమంతటికీ కనిపిస్తూ!

అంకయ్య శెట్టి పిల్లను భుజం మీద ఎక్కించుకుని చూపించాడు. "చూడమ్మా, మీ అమ్మ జెండా. మా అమ్మ చట్టం" అన్నాడు.

ఆ జెండా ఎన్నేళ్లు ఎగిరిందో నాకు తెలియదు. పసుపు దారం మాత్రం ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ తెంపలేదు.

నీతి: పనిచేసే మనిషి చోటును కాపాడే చట్టం ఆ మనిషి ఒక్కరినే కాదు, పని ఇచ్చే ఇంటినీ నిలబెడుతుంది.